గోడ మీది రెండు కాగితాలు

తొంభైల మొదట్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అవగానే, ఫిల్మ్ నగర్‌లో సినిమా రీళ్లు కడిగే ల్యాబ్‌లో చేరాను. మర్నాడు తనిఖీ ఉందని మేనేజర్‌గారు రసాయనాల జాగ్రత్తల కాగితాలు నా ముందు పెట్టారు. డబ్బాల మీది రాతలు చూసి టైపిస్టు తెలుగులో కొట్టినవి. వాటి ప్రతులు అప్పటికే గోడకి అంటించేశారు కూడా.

"సంతకం పెట్టమ్మా, చాలు."

చదివాను. తూము వాసనొస్తే బ్లీచింగ్ పౌడర్ చల్లాలని ఒక కాగితం. తూములో మరకలుంటే యాసిడ్ పొయ్యాలని ఇంకోటి. విడివిడిగా రెండూ సరైనవే.

"ఇవి రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది సార్. నేను పెట్టను."

"డబ్బా మీద ఉన్నదేగా! కంపెనీవాళ్లకి తెలీదా?"

అంతలో లోపలి గదిలోంచి ఒకటే దగ్గు. పరిగెత్తాను. గదులు కడిగే యాదయ్య తూము దగ్గర కూలబడి ఉన్నాడు. తూము చుట్టూ తెల్లగా బ్లీచింగ్ పౌడర్, పక్కనే యాసిడ్ సీసా. ఘాటుకి నా కళ్లు మండిపోయాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని అతన్ని బయటికి లాక్కొచ్చాను.

"గోడ మీద రాసినట్లే చేసిన మేడం," అన్నాడు, ఊపిరి అందగానే.

అతన్ని డాక్టరు దగ్గరికి పంపించి, గోడ మీది కాగితాలు చింపేశాను. ఏది దేనితో కలపకూడదో ముందుపెట్టి, అన్నీ మొదట్నించీ రాయడానికి కూర్చున్నాను.

"ఇంకా ఎంతసేపమ్మా?" అన్నారు మేనేజర్‌గారు.

"యాదయ్య దగ్గు తగ్గేలోపు అయిపోతుంది సార్."



డబ్బా మీది రాత ఎవరైనా చూసి దించగలరు. రెండు డబ్బాలు ఒకచోట చేరితే ఏమవుతుందో చదువుకున్నదాన్ని నేను. ఆ చదువుని వట్టి సంతకానికి వాడుకోనిచ్చేది లేదని ఆ రోజే తేల్చుకున్నాను.