ఇద్దరు తాతలు, ఒక నాయన

ఆ రోజుల్లో నాకు ‘కుదరదు’ అనే మాట నోటికి వచ్చేది కాదు. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, మూడేళ్లు నిండని పాప. పలమనేరులో పాల కేంద్రంలో సూపర్వైజరుగా అప్పుడప్పుడే చేరాను. ఎవరేం అడిగినా తల ఊపేవాణ్ణి. ఆఫీసులో ఊపితే సెలవు రోజు కూడా డ్యూటీ పడేది. ఇంట్లో ఊపితే నేను దేనికి ఒప్పుకున్నానో సాయంత్రం సంచీ చేతికిచ్చినప్పుడు తెలిసేది. అలాంటి ఊపుడు ఒకటి చర్చిలో జరిగింది. ఏటా క్రిస్మస్ తాత వేషం వేసే టైలరు మామకు (ఊరందరికీ మామే, నాకు బంధువేమీ కాదు) ఆ ఏడు జ్వరం తగిలింది. ఆరాధన అయ్యాక పాస్టరయ్య కుర్రవాళ్లందరి మీదా చూపు తిప్పి, నా దగ్గర ఆపి, “తమ్ముడూ, నీకు డాన్సు వచ్చు గదా?” అన్నారు. పలమనేరు చలి నాకింకా అలవాటు కాలేదు, వణుకుతున్నాను. ఆయన నేను తల ఊపాననుకున్నారు.

వేషమంటే ఎర్ర గౌను, ఎర్ర టోపీ, ఒక ప్లాస్టిక్ ముఖం. ఆ ముఖానికి టమేటాల్లాంటి బుగ్గలు, చెవుల దాకా నవ్వు, కళ్ల దగ్గర మాత్రం చింతగింజంత చిల్లులు రెండు. ఇంట్లో తొడిగి చూపించగానే మా చిట్టి కెవ్వుమని అరిచి మంచం కిందికి దూరింది. మా ఆవిడ దాన్ని బయటికి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుని, నాకు ఆ ముఖం తొడుగుతూ, తీస్తూ, “సూడు, ఎవురిది? నాయన! ఇప్పుడు సూడు, ఎవురిది? నాయనే! తాతంటే నాయనే తల్లీ, బయపడగూడదు” అని పాఠం చెప్పింది. పాఠం బాగానే వంటబట్టింది. ఎంత బాగా అంటే, మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి చిట్టి గోడకు తగిలించిన ముఖం ముందు నిలబడి, “నాయనా, నేను పాలు తాగేసినా” అని చెబుతోంది. నేను పక్కకొచ్చి “మా తల్లే!” అన్నాను. నా వైపు చూసి “నీకు గాదు” అంది. నేనూ మా ఆవిడా పడీపడీ నవ్వుకున్నాం. (అప్పుడు నవ్వొచ్చింది మరి.)

ఆదివారం భోజనాలయ్యాక క్యారల్స్ రౌండ్సుకు బయల్దేరాం. ముందు డోలక్కు, కంజీర, వెనక పాటగాళ్లు, మధ్యలో చాక్లెట్ల సంచీతో నేను. ప్రతి ఇంట్లో రెండు పాటలు, ఒక ప్రార్థన, తర్వాత కేకు, నిప్పట్లు, టీ. అందరూ తింటుంటే నేను ముఖం లోపలినుంచి వాసన పీల్చేవాణ్ణి. తాత ముఖం తీసి నిప్పట్లు కొరికితే పిల్లలు ఏమైపోతారని మా ఆవిడ కట్టడి చేసింది. చిట్టి ఎర్ర స్వెట్టరు, మంకీ క్యాపు వేసుకుని కాసేపు వాళ్లమ్మ చెయ్యి, కాసేపు నా గౌను పట్టుకుని నడుస్తూ, కనబడిన వాళ్లకల్లా “మా నాయన” అని నన్ను చూపిస్తోంది. నాకు గర్వంగానే ఉంది.

సంత దగ్గరి సందులోకి తిరిగేసరికి ఎదురుగా ఇంకో చర్చివాళ్ల క్యారల్స్ గుంపు వచ్చింది. వాళ్లకూ ఒక తాత. అదే ఎర్ర గౌను, అదే ప్లాస్టిక్ ముఖం. ఒకే దుకాణంలో కొన్నట్టున్నారు. “వందనాలు, వందనాలు” అని ఒకరికొకరు దారిచ్చుకుంటూనే, పాట మాత్రం ఎవరూ తగ్గించలేదు. ఆ తాత బొంగరంలా గిరగిరా తిరుగుతున్నాడు. మనమేం తక్కువని నేనూ తిరిగాను. చింతగింజల్లోంచి నాకు కనబడిందల్లా ఎరుపే. గోల తగ్గి మా గుంపు పక్క వీధికి వచ్చాక మా ఆవిడ నా భుజం తట్టింది.

“ఇదో, చిట్టేదీ?”

“నీ దగ్గరే గదా.”

“నా దగ్గర యాడుండాది? తాత గౌను పట్టుకోని పోతాంటే సూసినా.”

“ఏ తాత?”

అప్పుడు గానీ ఇద్దరికీ ఆ రెండో తాత గుర్తుకు రాలేదు. మరుక్షణం నేను పరుగెత్తాను. కాళ్లకు గౌను అడ్డం పడుతోంది, ముఖం తీసెయ్యాలన్న సంగతి కూడా తట్టలేదు. సందు మొదట్లో టీ అంగడాయన కనబడ్డాడు.

“అన్నా, చిన్న పాప, ఎర్ర స్వెట్టరు, క్రిస్మస్ తాత యెంట పోయింది, సూసినావా?”

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశాడు. “ఏందప్పా, ఇప్పుడే గదా నువ్వు ఎత్తుకోని ఆ మిద్దింట్లోకి పోయినావు! మళ్లా నన్నడగతావేంది?”

తప్పిపోయిన బిడ్డను తీసుకెళ్లింది నేనేనని కళ్లారా చూసినవాడు చెబుతుంటే ఏమనాలి? ఒక్క క్షణం నిజంగానే నేను ఎప్పుడెళ్లానా అని ఆలోచించాను.

మిద్దింటి వరండాలో రెండో తాత నిలబడి ఉన్నాడు. చిట్టి ఆయన మెడ చుట్టూ చేతులు వేసి హాయిగా ఉంది. చుట్టూ జనం, పాట లేదు, ఎవరి చేతిలో కంజీర వాళ్ల చేతిలోనే ఆగిపోయింది. జరిగింది నాకు తర్వాత తెలిసింది. ఆ ఇంటి అవ్వ వరండాలోంచి ఆ తాతను “రా నాయనా, రా” అని పిలిచింది. (మా సీమలో పెద్దవాళ్లు ఎవరినైనా అలాగే పిలుస్తారు.) ఇద్దరు తాతల మధ్య తికమకపడుతున్న మా చిట్టికి ఆ మాటతో అనుమానం తీరిపోయింది. వెళ్లి గౌను పట్టుకుంది. ఆయన ఆ ఇంటి పిల్లేమోనని ఎత్తుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ అది ఆయనకు సంబంధం మాట్లాడుతున్న పిల్ల ఇల్లు. గుమ్మంలో ఆ అమ్మాయి, కుర్చీలో వాళ్ల నాయన. సరిగ్గా అక్కడ మా చిట్టి గొంతెత్తి, “నాయనా, అమ్మ యాడ?” అని అడిగింది.

“ఏమబ్బా, నీకు ముందే పెండ్లయ్యిందా?” అంటున్నాడు అమ్మాయి నాయన.

“ల్యా... లేదు మామా! ఈ బిడ్డెవురో నాకు తెలీదు!”

“తెలీకపోతే మెడకాయ పట్టుకోని నాయనా అంటాదా?”

అప్పుడు నేను మెట్లెక్కి, “అది నా బిడ్డ!” అని అరిచాను.

“ఇదేందే తల్లీ, ఇంకొకడు!” అంది అవ్వ. “ముందు ఇద్దురూ ఆ మొకాలు తియ్యండి.”

తీసి పక్కనున్న ఖాళీ కుర్చీలో పెట్టాం. ఆయన ముఖం కింద చెమటతో తడిసిన పాతికేళ్ల కుర్రాడు బయటపడ్డాడు. చిట్టి ఆయన్ను చూసి ఘొల్లుమంది. నేను చేతులు చాచి, “చిట్టీ, నేనే, నాయన” అన్నాను. నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడుస్తూ “నువ్వు గాదు!” అని కుర్చీలోని ముఖాల వైపు చెయ్యి చూపింది. అమ్మాయి నాయన తన కుర్చీలోంచి లేచాడు. “బిడ్డ కాదంటుండాది గదప్పా, నువ్వెవురు?” నేనెవరో నాకే సరిగ్గా గుర్తురాని సమయానికి మా ఆవిడ రొప్పుతూ వచ్చి, బిడ్డను లాక్కుని గుండెకు అదుముకుంది. “ఈయనే బిడ్డ నాయన. ఆయనెవురో నేనెప్పుడూ సూడలేదు” అని ఒక్క మాటలో రెండు కాపురాలూ నిలబెట్టింది. గుమ్మంలో అమ్మాయి చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. చిట్టి ఏడుపు మాత్రం ఆగలేదు. అవ్వే దారి చెప్పింది: “తొడుక్కో నాయనా, అదేమన్నా బరువా?” తొడుక్కున్నాను. ఏడుపు టక్కున ఆగింది. చిట్టి నా భుజం మీదికి వచ్చేసింది.

ఇక మేము రౌండ్సుకు పోలేదు. బజారంతా ఆ ముఖంతోనే బిడ్డనెత్తుకుని ఇంటికి నడిచాను. బండ్లవాళ్లు హారన్లు కొట్టారు, పండ్ల బండాయన ఒక అరటిపండు ఇచ్చాడు. మా ఆవిడ పక్కన నడుస్తూ ఒకసారి నవ్వింది, ఒకసారి కళ్లు తుడుచుకుంది. ముఖం లోపల నేనేం చేస్తున్నానో ఎవరికీ కనబడలేదు, అదొక్కటే మేలు.

ఆ తర్వాతి ఎండాకాలం ఆ కుర్రాడికి ఆ అమ్మాయితోనే పెళ్లయింది. మమ్మల్ని పిలిచి మొదటి పంక్తిలో కూర్చోబెట్టారు. ఇప్పటికీ బజార్లో ఎదురైతే ఆయన మా చిట్టిని, “ఏం తల్లీ, అమ్మ యాడ?” అని అడుగుతాడు. ఆరో తరగతి చదివే మా పిల్ల పళ్లు కొరుకుతూ నా వెనక్కి వస్తుంది.

కానీ నాకు మిగిలింది ఆ సాయంత్రం మా ఇంటి మెట్టు. అక్కడ కూర్చున్నాక చిట్టి తనే రెండు చేతులతో ఆ ముఖాన్ని గడ్డం దగ్గర పట్టుకుని పైకెత్తింది. చూసింది. దించింది. మళ్లీ ఎత్తి, చాలాసేపు చూసి, నా ముక్కు మీద వేలు పెట్టి నెమ్మదిగా అడిగింది: “నాయనా, లోపల నువ్వుండావా?”

“ఉండాను తల్లీ” అన్నాను.

ఇప్పుడు అద్దం ముందు నిలబడి నెరిసిన మీసం కత్తిరించుకునేటప్పుడు ఒక్కోసారి ఆ కుర్ర నాయనను అదే అడుగుతుంటాను. ఉండాడనే అనుకుంటున్నాను.