తొందరెరుగనిది

మామయ్య కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టాడంటే, బోర్డు ఇవాళ రాదని అర్థం. జూలో బోర్డులు రాయడం ఆయన పని. జంతువు ఏం చేస్తుందో కళ్ళారా చూడందే దాని పేరు రాయడు.

‘‘పేరు జంతువును పంపినవాళ్ళే చెప్పారుగా మామయ్యా!’’ అనేవాణ్ణి, నేను టిక్కెట్లమ్మే గదిలోంచి.

‘‘అది చూసి పెట్టిన పేరో కాదో నేను చూడొద్దూ? చెట్టు చెక్కుతుంటే మనం వడ్రంగిపిట్ట అన్నాం. స్పానిష్ వాళ్ళూ వడ్రంగి అనే అన్నారు. ఏం, కూడబలుక్కున్నారా? చూశారు, అంతే.’’

నేను పుట్టినప్పుడూ ఇంతేనట. ‘‘ఏం చేస్తాడో చూద్దాం’’ అని ఉయ్యాల పక్కన కూర్చుని, చివరికి ‘ఏడుపు’ అని తేల్చాడు. అమ్మ చీపురు తీశాకే కళ్ళజోడు కిందికి దిగింది.

ఒకసారి, కొమ్మకు తలకిందులుగా వేలాడే జంతువొకటి వచ్చింది. పాత పనివాళ్ళు ఆకులు గబగబా మూతికి అందిస్తే మొహం తిప్పేసుకుని పస్తుండేది. దాన్ని కొత్తగా చేరిన ఒకావిడకు అంటగట్టారు. ఆవిడ నడకా నిదానం, మాటా నిదానం.

‘‘బద్ధకానికి బద్ధకం తోడు,’’ అన్నాడు సూపరింటెండెంటు. ‘‘వారం చూసి ఆవిణ్ణి పంపించేస్తా. నువ్వు బోర్డు మీద ‘బద్ధకం’ అని రాసెయ్. ఇంగ్లీషువాళ్ళూ, ఫ్రెంచివాళ్ళూ, స్పానిష్ వాళ్ళూ అదే అన్నారు.’’

‘‘ముగ్గురూ భోంచేసొచ్చి చూసుంటారు సార్. నిద్ర వాళ్ళకొచ్చింది, పేరు దీనికొచ్చింది.’’

వారమంతా బోర్డు ఖాళీ. ఆఖరిరోజు సూపరింటెండెంటు తనే విసవిసా వచ్చాడు.

‘‘ఇంకా అవలేదా నీ చూపులు?’’

‘‘మీరూ ఓసారి కూర్చోండి సార్, వెంటనే రాసేస్తా.’’

కూర్చున్నాడు. ఆవిడ ఆకుల రెమ్మ చాచి నిలబడింది. జంతువు చెయ్యి కదిపింది. ఆగింది. ఆవిడా ఆగింది. సూపరింటెండెంటు ఆవలించాడు. అంతలో ఆ చెయ్యి రెమ్మను అందుకుంది. నమలడం మొదలైంది.

ఆవలింత సగంలోనే ఆగిపోయింది.

‘‘తింటోందే! రోజూనా?’’

‘‘రోజూనే సార్. నేను బోర్డు రాసేసుంటే మీరిక్కడిదాకా వచ్చేవారా? ఆ పేరు దానికి పెడదామన్నారు గానీ, ఆ బోర్డు కింద నిలబడి పనిచెయ్యాల్సింది ఈవిడ.’’

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. ‘‘ఉండమనవయ్యా ఆవిణ్ణి. ఇంకెవరు తినిపిస్తారు దానికి?’’

మర్నాడు పొద్దున్నే బోర్డు తెచ్చాడు మామయ్య: ‘తొందరెరుగనిది’. సుత్తి ఆవిడ చేతికిచ్చి, నిచ్చెన పట్టుకోమని సూపరింటెండెంటును పిలిచాడు. ఆవిడ మేకు చూసుకుంది, గోడ చూసుకుంది, సుత్తి ఎత్తింది, మళ్ళీ మేకు చూసుకుంది. నోటిదాకా వచ్చిన ‘త్వరగా’ను సూపరింటెండెంటు మింగేశాడు. ఎండ ఎక్కేవేళకు బోర్డు గోడకెక్కింది.

మామయ్య వెనక్కి జరిగి, తల వాల్చి చూశాడు.

‘‘కాస్త ఎడమకి కొడదామమ్మా,’’ అన్నాడు. ‘‘నిదానంగానే.’’