నల్లి మందు

ముప్పయ్యేళ్లు ఆసుపత్రి వార్డులో రోగుల జ్వరం చూసి రాసిన చేయి, ఉద్యోగం నుంచి విశ్రాంతి లభించి ఏడేళ్లు గడిచినా ఊరకుండలేకపోవడం వల్ల కాబోలు, జ్ఞానసుందరమ్మ ప్రతి ఉదయం తెల్లకాగితమూ భూతద్దమూ పట్టుకొని నెల్లిమర్లలోని తమ పెరటి ద్రాక్షపందిరి కిందికి వెళ్లేది. ఈస్టరు ఆదివారం చర్చిలో సంఘమంతా ప్రభువు బల్ల దగ్గర పుచ్చుకొనే రసం ఆ గుత్తులదే.

పండుగకు మూడు వారాలుందనగా ఆకులు పాలిపోయాయి. పది ఆకులను కాగితం మీద తట్టేసరికి డెబ్బై దాకా ఎర్రని చుక్కలు రాలి, మెల్లగా కదిలాయి.

“నల్లి పట్టినాదయ్యా” అని ఆమె నిట్టూర్చింది.

ఆ మాట విన్నదే తడవు, భర్త ఏసుదానం బజారుకు పోయి మంచాల నల్లికి కొట్టే మందు తెచ్చాడు.

“ఆగయ్యా! ఇది ఎర్రనల్లి, ఆకు రసం తాగుతాది. మంచాల మందు ప్రభువు బల్లకి పెడతావేటి?”

“నల్లంటే నల్లే కదేటే! నువ్వు లెక్కెడుతుంటే పంటంతా పోద్ది.”

“ఒక్కపాలి ఇందులో సూడు.”

భూతద్దం కింద చురుగ్గా పరుగెత్తే మరో చిన్న పురుగు ఎర్రనల్లిని పట్టి పీలుస్తోంది.

“అది మన పక్క పురుగు. నీ మందుకి ముందు అదే సస్తాది. ఎనిమిది దినాలు ఆకుల అడుగున నీళ్లు కొట్టు సాలు.”

ఏసుదానం గొణుగుతూనే రోజూ నీళ్లు చిమ్మాడు. ఎనిమిదోనాడు పది ఆకులకూ రెండే నల్లులు రాలాయి. ఈస్టరు ఉదయం రసపు పాత్ర తానే మోసుకుపోతూ, ఎదురైనవారికల్లా “మా ఇంటిది పెద్ద డాట్రు” అని చెప్పాడాయన.

ఆ దంపతుల కన్నులకు చూపూ కాళ్లకు సత్తువా చిరకాలం నిలుచుగాక. ఆ యింటిల్లిపాదినీ దేవుని కృప కాచుగాక.