సహంలో జనుము చేను, నా మూగనోము

తొంభైల్లో గల్ఫ్‌లో, అల్ ఖువైర్ అనే చోట ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. చదివింది వ్యవసాయం, చేసేది ఫైళ్ల మోత. ఆ దురద తీరక, సెలవుకు ఇంటికెళ్లినప్పుడు సంచీడు జనుము విత్తనాలు తెచ్చి, రెండున్నర గంటల దూరంలోని సహంలో తోటపని చేసే జగిత్యాల మల్లయ్యకిచ్చాను. "పచ్చిగా దున్నితే నేలకు బలం, ఎండు కాడల మీద పుట్టగొడుగులు పెంచితే చేతికి ఆదాయం" అని పెద్ద ఉపన్యాసమే దంచాను. పుట్టగొడుగులు అమ్ముడైతే మల్లయ్య తోటలోనే ఉంటాడు, లేకపోతే మళ్లీ కన్‌స్ట్రక్షన్ సైట్‌కే. యజమాని పెట్టిన షరతు అది. ఆ సంగతేదో చూసొద్దామని ఒక డిసెంబరు శుక్రవారం బయల్దేరాను.

పొద్దున ఆరింటికి రోడ్డు మీద నిలబడితే షేర్ టాక్సీ దొరికింది. సహం వరకు రెండు రియాళ్లు. "సెలవు రోజు పొలానికా? ఆఫీసువాళ్లు సముద్రానికి పోతారు కదా!" అని డ్రైవర్ హిందీలో నవ్వాడు. ఎనిమిదిన్నరకు దిగి, ఖర్జూర తోటల మధ్య అరగంట నడిచాను.

మల్లయ్య ముందు తను జనుము దున్నేసిన మడి చూపించాడు. ఉల్లి ఏపుగా ఉంది. మట్టల పాకలో తడి గోనెల చాటున, జనుము కాడలు కూరిన సంచుల మీద చిప్ప పుట్టగొడుగులు తెల్లగా విచ్చుకున్నాయి. "హోటలోల్లు రోజూ అడుగుతున్నరు సారూ. గా చేను ఎండితే మళ్ల కాడ దొరుకుతది" అని రెండో విడత చేను చూపించాడు. నడుమెత్తున పసుపు పూలు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అంతలో యజమాని పికప్‌లో వచ్చాడు. "ఇది మత్తు మొక్కంటున్నారు పక్క తోటవాళ్లు. విత్తనం ఎవరిచ్చారు?" అని హిందీలో అడిగాడు, నన్నే చూస్తూ. గంజాయి కాదు, పచ్చిరొట్ట పైరు అని ఒక్క మాటంటే చాలు. ఇస్త్రీ చొక్కావాణ్ణి, నమ్మేవాడే. కానీ కస్టమ్స్‌వాళ్లకు చెప్పకుండా పెట్టెలో తెచ్చిన సంచీ గుర్తొచ్చింది, నా వీసా గుర్తొచ్చింది. పసుపు పూల వైపు చూపు తిప్పేశాను. మల్లయ్య నావైపొకసారి చూశాడు. "మై లాయా, అర్బాబ్" అని యజమానితో అన్నాడు. తానే తెచ్చానని.

"సాయంత్రానికల్లా దున్నెయ్" అని యజమాని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మల్లయ్య పుట్టగొడుగుల కూర వండి పెట్టాడు. నేను కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. "తినుండ్రి సారూ. నేలకైతే బలమొస్తది గద, మీరే చెప్పిండ్రు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

కాడల్లేక పాక మూతపడింది. వేసవికల్లా మల్లయ్య బహ్లా అనే ఊళ్లో సైట్ డ్యూటీకి పోయాడని విన్నాను. నాలుగుసార్లు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. ఇన్నేళ్లయినా ఆ సిగ్గు పోలేదు, పోకూడదు కూడా. సహం తోటలు చూడాలంటే డిసెంబరు, జనవరి మేలు. పొద్దున్నే బయల్దేరండి, నీళ్లు పట్టుకెళ్లండి. విత్తనాలు మాత్రం వద్దు. ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి ఉంటే, "నేనే ఇచ్చాను" అనడానికి నోరు కూడా వెంట తీసుకెళ్లండి.