మేకుకు తగిలించిన ప్లయరు

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నాకు సంతకం వరకే చదువు. నేను చెప్తుంటే పక్క పోర్షన్ అమ్మాయి రాస్తోంది. ఆమె మొహం చూస్తే ఆగిపోతానని గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మా ఆయన శామీర్‌పేటలో నీళ్ల మోటర్లు బాగుచేసేవాడు. ఇంటి ముందే రేకుల షెడ్డు. గోడ నిండా మేకులు, ప్రతి మేకుకూ ఒక పనిముట్టు. చూడకుండా చెయ్యి చాపినా కావలసిందే చేతికొచ్చేది. అందులో ఒకటి లాక్ ప్లయరు. మోటరులో బేరింగు జారిపోకుండా ఇరుసు మీది గాడిలో ఒక ఉక్కు రింగు బిగించి ఉంటుంది. దాని రెండు కొసలకూ సన్నటి బెజ్జాలు. ప్లయరు ముక్కులు ఆ బెజ్జాల్లో పెట్టి నొక్కితే రింగు విచ్చుకుని మెల్లగా వస్తుంది. వేరే దేనితో పీకినా ఎగిరిపోతుంది, ఎటు పోతుందో తెలియదు. ఇదంతా ఆయనే చెప్పాడు. తెలిసే చేశాను నేను.

ఆ రోజు మా ఊళ్లో బోనాలు. గుడికి ఆయన ఏనాడూ నాతో రాలేదు. ఆ పొద్దున మా తోటికోడలు వాకిట్లో అందరి ముందూ అంది: "నీ మొగడు నిన్ను జేసుకున్నడా, మోటర్ను జేసుకున్నడా అక్కా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం మండిపోయింది. అప్పుడే కాలనీవాళ్లు ఒక మోటరు తెచ్చి షెడ్డులో దించారు. ఆయన చాయ్ తాగడానికి లేచిన సందులో ప్లయరు తీసి, బోనం కింద పరిచిన ఎర్రగుడ్డ అడుగున పెట్టాను. గ్రీసు చేతులతో ఆయన బోనం దగ్గరికి రాడు. అదీ తెలుసు నాకు.

"ఏమే, లాక్ ప్లయర్ జూసినవా? ఈడ్నే ఉండాలె."

"నాకేం ఎరుక? నీ సామాన్లు నేనెందుకు ముడ్త?"

"ఎవలికన్న ఇచ్చి మర్సిపోయిన్నా ఏంది..."

"దొరకకుంటె పోనియ్యి. పండుగ పూట తానం జేసి నా ముంగట నడువు."

"వాళ్లింట్ల సుక్క నీళ్లు లెవ్వంటనే. నువ్వు నడువు, గిదైపోంగనే ఎనకనే ఒస్త."

బోనం ఎత్తుకుని బయల్దేరాను. స్క్రూడ్రైవరుతో పీకుతాడని అనుకోలేదా? అనుకున్నాను. గడప దాటేటప్పుడు అనుకున్నాను. అయినా ఎందుకు వెనక్కి తిరగలేదు? నెత్తిన బోనం ఉందనా? పౌరుషం ఉందనా?

గుడి దగ్గరికి కబురొచ్చింది. రింగు ఎగిరి కుడికంట్లో కొట్టింది. ఆ చూపు మళ్లీ రాలేదు.

ఆసుపత్రిలోనే చెప్పి ఉండాల్సింది. కట్టు విప్పాక చెబుదామనుకున్నాను, విప్పాక నోరు పెగల్లేదు. ప్లయరు నా చీరల పెట్టె అడుగుకు చేరింది.

కోలుకున్నాక ఆయన మేడ్చల్‌లో హార్డ్‌వేర్ దుకాణాలన్నీ తిరిగాడు. నన్నూ తోడు తీసుకెళ్లేవాడు. ఒకటి నొక్కి చూసి, ఇది లోపలి రింగులది, నొక్కితే ముక్కులు మూసుకుంటాయి, మనకు విచ్చుకునేది కావాలి అనేవాడు. ఇంకొకటి చూసి ముక్కులు లావన్నాడు. చివరికి సరిపోయేదే దొరికింది. కానీ ఒక్క కంటితో బెజ్జాలు అందలేదు. ప్లయరు మంచిది కాదన్నాడు. నేను పక్కనే నిలబడి తలూపాను.

కన్ను పోవడం కాదు, మీకు చెప్పాలనుకున్నది. ఆ రోజు నుంచి ఆయన తన మతిని నమ్మడం మానేశాడు. మాత్ర వేసుకున్ననా అని నన్నడిగేవాడు. తాళం వేసి, మళ్లీ వెళ్లి లాగి చూసేవాడు. పనిముట్లు ఒక్కొక్కటే తీసి ఎవరెవరికో ఇచ్చేశాడు. "యాడ వెట్టిన్నో నాకే యాదికుంటలేదు, నాకెందుకే గివి," అన్నాడు. నా అబద్ధంతో ఒక మనిషికి తన మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. పోయేదాకా అలాగే బతికాడు.

ఇప్పుడు షెడ్డులో మేకులు మిగిలాయి, ఇంట్లో నేను మిగిలాను. ప్రతి బోనాలకూ తలుపు వేసుకుని, ఆ ప్లయరుకు నూనె రాసి మళ్లీ పెట్టెలో పెడతాను. తుప్పు పట్టనివ్వలేదు. ఎవరి కోసమో నాకే తెలియదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేడు. ఒక్క ముక్క మాత్రం రాయమన్నాను ఈ అమ్మాయిని, ఆయన చెవిన పడకపోయినా సరే. ఆయన మర్చిపోలేదు. ఆ రోజు ప్లయరు ఆయన పెట్టినచోటే ఉంది. తీసింది నేను.