విమానం దిగి హాల్టు స్టేషనుకు

మా నాయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేశాడు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, మళ్లీ ధర్మవరం. ఆయన బదిలీలన్నీ ఒకే పట్టాల మీద పైకీ కిందికీ జరిగాయి. బస్సు ఎక్కడమంటే ఆయనకు పరాయివాళ్లింట్లో భోంచేసినట్టే. తప్పకపోతేనే ఎక్కుతాడు, ఎక్కినంతసేపూ మొహమాటంగా కూర్చుంటాడు. అలాంటి మనిషిని మా అక్క పుణెలో విమానం ఎక్కించేసింది.

ఎక్కించక తప్పలేదు. హిందూపురం స్టేషన్లో నాయనతో కలిసి పనిచేసిన స్నేహితుడొకాయన ఇప్పుడు బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. చిన్నప్పటి నుంచి నేను ఆయన్ని చిన్నాయనా అనే పిలుస్తాను. ఆయన మనవరాలి పెళ్లి. నాయన దిగే రోజు సాయంత్రమే, బెంగళూరు పెద్ద స్టేషను ఉండే మెజెస్టిక్ దగ్గర ఒక కల్యాణమండపంలో రిసెప్షన్. అక్క ఇంటికి పోయి ఉన్న నాయనకు తిరుగు రైల్లో బెర్తు దొరకలేదు. అల్లుడు విమానం టికెట్టు తీసిచ్చాడు.

విమానాశ్రయంలో ఆయన్ని కలుసుకుని పెళ్లికి తీసుకుపోవడం నా వంతు. నేను హిందూపురంలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మధ్యాహ్నం క్లాసులు ఇంకొకరికి అప్పగించి, కొడికొండ దగ్గర హైవే ఎక్కి, బాగేపల్లి మీదుగా బస్సులో వచ్చాను. మా వైపు వాళ్లకు ఈ విమానాశ్రయం ఒక తమాషా. అది బెంగళూరుకు ఇవతల, మా దారిలోనే ఉంటుంది. ఆకాశంలో అంత వేగంగా వచ్చినవాళ్లు కూడా అక్కడ దిగి, ఊళ్లోకి పోవడానికి మళ్లీ ఇంకొక ప్రయాణం చెయ్యాలి.

నాయన బయటికి వచ్చాడు. భుజాన సంచి, చేతిలో అక్క కట్టిచ్చిన పుణె చిరుతిండి, బాకర్‌వడీ పొట్లం.

“ఎట్లుండె నాయనా విమానం?”

“కిటికీ తెరవనీలేదమ్మా. నడాన యాడన్నా ఒక్క ఊర్లో నిలబడితే కదా, ఎంతదూరం వచ్చినామో తెలిసేది!”

నేను ఫోన్ తీసి టాక్సీ చూడబోయాను. నాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఈడ హాల్టు ఉండాది,” అన్నాడు, ఇక్కడ మనకు దగ్గరి చుట్టం ఉన్నాడు అన్నట్టు. “మీ చిన్నాయన చెప్పినాడు. గోడకు ఆపక్కే. రైల్లో పోదాం.”

“నాయనా, పెళ్లికి పోవాల. ఆ రైలు ఎప్పుడొస్తాదో ఏమో!”

మా మాటలు విని ఒక టాక్సీ డ్రైవరు దగ్గరికొచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట కుంకుమ బొట్టు. “మాది గోరంట్ల పెద్దాయనా. మీ మాట వింటానే తెలిసిపోయె మన పక్కోళ్లని. దినామూ ఈడే తిరుగుతాండా, ఆ హాల్టులో రైలు నిలబడంగా చూసినోడు లేడు. రాండి, బండెక్కండి.”

“నువ్వు చూడలేదని రైలు నిలబడకుండా పోతాదా అప్పా?”

“సరే, హాల్టు కాడికి నేనే తీసకపోతా. రైలు రాకుంటే మాత్రం నా బండ్లోనే పెండ్లికి పోవల్ల.”

“వస్తే?”

“వస్తే మీ సామాను నేనే ఎక్కిస్తా!”

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఇద్దరూ ముందు సీట్లలో కూర్చున్నారు. నేను వెనక, పెళ్లికని కట్టుకొచ్చిన ధర్మవరం పట్టుచీర నలగకుండా సర్దుకుంటూ కూర్చున్నాను.

హాల్టు ముద్దుగానే ఉంది. చిన్న ప్లాట్‌ఫారం, ఒక షెడ్డు, కింద నిద్రపోతున్న కుక్క. మనుషులు లేరు. నెత్తి మీది నుంచి విమానాలు పోతుంటే కుక్క కన్ను కూడా తెరవడం లేదు. నాయన మాత్రం అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుడిలా చొక్కా సరిచేసుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. కంకర బాగా పోశారని మెచ్చుకున్నాడు.

నా ఫోన్లో చూస్తే రైలు ఆలస్యమని ఉంది. ఎంత ఆలస్యమో ఫోనుకూ సరిగా తెలిసినట్టు లేదు. డ్రైవరు నవ్వుతూ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. నాయన అటు చూడకుండా బాకర్‌వడీ పొట్లం విప్పాడు. “రాప్పా, కూర్చో. బండొచ్చే దాకా తినుకుంటా ఉందాం.”

ఇద్దరూ సిమెంటు బెంచీ మీద కూర్చుని గోరంట్లలో వానల గురించి, ఈసారి చెనక్కాయ పంట గురించి మాట్లాడుకున్నారు. నేను వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. ఇక చాలు, కారెక్కుదామని చెప్పడానికి నోరు తెరిచానో లేదో, దూరంగా కూత వినిపించింది.

మా అందరికంటే ముందు లేచింది డ్రైవరే. “వచ్చె! వచ్చె! పెద్దాయనా, లెయ్యండి!” అని అరుస్తూ సంచి తీసుకుని పరిగెత్తాడు. రైలు ఇంకా ప్లాట్‌ఫారం మొదట్లో ఉండగానే అతను చివర దాకా పోయి, మళ్లీ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. మమ్మల్ని ఎక్కించి, సంచి అందించి, వెంటనే ఫోన్ తీసి రైలును వీడియో తీసుకున్నాడు. “మా స్టాండులో చెప్తే ఎవురూ నమ్మరు!” అంటున్నాడు. పందెం ఓడిన మనిషిలా లేడు. రైలు కదిలాక కూడా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

పెట్టెలో పట్టుమని పదిమంది లేరు. మాకెదురుగా చిక్కబళ్లాపురం నుంచి చామంతి, కనకాంబరం పూల గంపలతో వస్తున్న ఒకామె కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

“ఈ హాల్టులో ఎవురన్నా ఎక్కేది నేను చూసేది ఇదే మొదలు. విమానం దిగి వస్తాండారా?” అని అడిగింది.

“విమానం సంగతి వదిలెయ్ తల్లీ. ఈ బండి దినామూ టయానికి వస్తాదా?” అన్నాడు నాయన.

ఆమె కాసేపు న్యాయంగా ఆలోచించింది. “వస్తాది స్వామీ. ఏదో ఒక టయానికి.”

నాయన ఆమెకు బాకర్‌వడీ పెట్టాడు. ఆమె నా పట్టుచీర చూసి, గంపలోంచి మూరెడు కనకాంబరాలు తీసి నాకిచ్చి, “పెండ్లికి బోడి తలతో పోతారా?” అని మందలించింది.

యలహంక ఇంకా రాలేదు, రైలు ఆగిపోయింది. నాయన ముఖం వెలిగింది.

“క్రాసింగు. ఎదురుగా బండి వస్తాది చూడు.”

ఏ బండీ రాలేదు.

“అయితే గూడ్సుకు దారి ఇస్తాండారు.”

గూడ్సూ రాలేదు. నాయన గుమ్మం దగ్గరకు పోయి కమ్మీ పట్టుకుని తొంగి చూశాడు. ఇంజను మార్పు అన్నాడు, పట్టాల పని అన్నాడు. పక్కనే రోడ్డు మీద టాక్సీలు వరసగా పోతుంటే నాకు కడుపు మండింది.

“ఇంజను డ్రైవరు టీ తాగను దిగినాడేమో,” అంది పూలామె.

“అట్ల తాగరమ్మా! రూల్సు ఉండాయి!” నాయన నిజంగానే నొచ్చుకున్నాడు.

నా కోపం అక్కడే సగం కరిగిపోయింది. పుణెలో ఉన్నన్నాళ్లూ బాల్కనీలో కూర్చుని అడిగినదానికి మాత్రం జవాబు చెప్పేవాడని అక్క బెంగపడింది. ఇక్కడేమో ఆగిపోయిన రైల్లో, జుట్టు గాలికి రేగి, ముక్కూముఖం తెలియని మనిషితో వాదన పెట్టుకున్నాడు.

అంతలో చిన్నాయన ఫోన్ చేశాడు. “యాడుండారమ్మా? అందరూ వచ్చేసినారు.”

“యలహంకకు ముందర సిగ్నల్ దగ్గర ఆగిపోయినాం చిన్నాయనా.”

కోప్పడతాడనుకున్నాను. ఆయనేమో ఆత్రంగా, “ఏ సిగ్నలు? దూరంగా ఉండే డిస్టెంటా, స్టేషను ముందరుండే హోమా?” అన్నాడు.

ఫోన్ నాయన చేతికిచ్చేశాను. వాళ్ల మాట తెగకముందే రైలు కదిలింది. ఎందుకు ఆగిందో, ఎందుకు కదిలిందో మాలో ఎవరికీ తెలియలేదు.

మెజెస్టిక్‌లో దిగి, జనంలో తోసుకుంటూ మండపం చేరేసరికి ఫొటోల వరస అయిపోయింది. స్టేజీ మీద పూలు వాడుతున్నాయి. చిన్నాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నాయనను గట్టిగా కావలించుకున్నాడు.

“విమానం ఎట్లుండె?”

“అది బాగానే వచ్చెలే. నువ్వు చెప్పు, ఆడ అంతసేపు ఎందుకు నిలబెట్టినారంటావు?”

చివరి బంతిలో నా ఎదుట ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చిత్రాన్నం మీద వేలితో పట్టాలు గీసుకుని, అప్పడం ముక్కను ఇంజనుగా పెట్టుకుని వాదించుకున్నారు. పెళ్లికూతురు వచ్చి వంగి కాళ్లకు దండం పెట్టింది. ఇద్దరూ ఎడమచేతులే ఎత్తి, “నూరేండ్లు చల్లగుండు తల్లీ” అని దీవించారు. ఆ పిల్ల ఇంకా లేవకముందే చిన్నాయన నాయన వైపు తిరిగాడు.

“కాదప్పా, స్టేషన్లో పక్కన నిలబెట్టే లూప్ లైను ఖాళీ లేకుంటే అయినా నిలబెడతారు కదా!”

వడ్డించేవాళ్లు ఆకులు ఎత్తడానికి ఎదురుచూస్తూ గోడకానుకుని నిలబడ్డారు. ఇది ఇప్పట్లో తేలే వ్యవహారం కాదని అర్థమై, నేను వాళ్లలో ఒకరిని పిలిచి ఇంకొక బెల్లం పూర్ణం ఓళిగ వేయించుకున్నాను.