కాళ్ళున్న అక్షరాలు

కిరోసిన్ వాసన ఎక్కడ తగిలినా నాకు కొత్తపేట సందులో మా నాయిన నడిపిన చిన్న ప్రెస్సు గుర్తొస్తుంది. సీసపు అక్షరాలను కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిచేవాడు. ఆ వాసనా, సిరా వాసనా, ఎండాకాలమైతే పండ్ల మార్కెట్టు నుంచి వచ్చే మాగిన బత్తాయిల వాసనా కలిసి, బడి నుంచి వచ్చి అక్కడే లెక్కలు చేసుకునే నా గౌను నిండా పట్టేసేవి.

ఊరంతా కంప్యూటర్ అచ్చుకు మళ్ళినా కొందరు నాయిన దగ్గరికి వచ్చేది ఆ ఇంగ్లీషు అక్షరాల కోసమే. సన్నగా మొదలై లావుగా దిగి, ప్రతి గీత చివరా చిన్న పాదం మోపి నిలబడే పాతకాలపు అక్షరాలవి. మేము కాళ్ళున్న అక్షరాలు అనేవాళ్ళం. పెళ్ళికార్డు మీద బరాత్‌కు వచ్చినవాళ్ళలా నిలబడేవి. శ్రద్ధాంజలి కార్డు మీద అవే, చావింటి ముందు జనంలా ఉలుకూ పలుకూ లేకుండా నిలబడేవి.

తెలంగాణ ఉద్యమం రోజులు. రాష్ట్రం కోసం కుర్రవాళ్ళు ప్రాణాలు తీసుకుంటున్నారని రోజూ పేపర్లో వచ్చేది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు ఆగిపోయి, మా బడి మధ్యాహ్నమే వదిలేసిన రోజున, పాతికేళ్ళు కూడా లేని ఒకతను వచ్చాడు. రవీందర్ అనే పేరు, పుట్టిన తారీఖు రాసిన కాగితం, ఒక ఫొటో ఇచ్చి శ్రద్ధాంజలి కార్డు కావాలన్నాడు.

"ఎవరు పోయిండ్రు బిడ్డా?" అన్నాడు నాయిన.

"మా దోస్తు."

"పోయిన తారీఖు రాయలేదేంది?"

"గది జర తర్వాత చెప్త."

ఫొటోలో ఎడమ కనుబొమ మధ్యన తెగిన గీత ఉంది. తలెత్తి చూశాను. అతని కనుబొమ మీదా అదే గీత. ఆ ఫొటో అతనిదే. నాయిన ఫొటోను మెల్లగా బోర్లించి, ఏమీ ఎరగనట్టు ఇంగ్లీషులో పేరు పేర్చసాగాడు. అద్దంలోలా తిరగబడ్డ ఆ పేరు మాకు వీపు చూపించి ఎటో పోతున్నట్టుంది. అతను వేలితో తాకి, "సల్లగున్నది" అన్నాడు.

చివరి ఆర్ దగ్గర నాయిన ఆగాడు. "గీ అక్షరం తక్కువ వడ్డది. రేపు తప్పకుండ రా. నువ్వు సూడంది అచ్చుకెక్కియ్య."

అక్షరాల పెట్టెలో ఆ గడి నిండా ఆర్‌లు ఉన్నాయి. చెప్పబోయాను. నాయిన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అతను వెళ్ళగానే నాయిన ఫొటో వెనక స్టూడియో ముద్ర చూసి, లూనా బండి వేసుకుని హయత్‌నగర్‌లోని ఆ స్టూడియోకు పోయాడు.

మర్నాడు అతను వస్తాడో రాడో అని గుమ్మంలోనే నిలబడ్డాను. వచ్చాడు. లోపల, నాయిన ఇల్లు వెతికి పిలుచుకొచ్చిన అతని అక్క కూర్చుని ఉంది. గుమ్మం దాటగానే లేచి అతని మణికట్టు పట్టుకుంది.

"అమ్మకు ఏం జెప్పమంటవ్ తమ్మీ? గా కార్డు ఆమె చేతుల నన్నే పెట్టమంటవా?"

అతను కాగితాల కట్ట మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వాళ్ళు వెళ్ళాక నాయిన ఆ పేరును విప్పి, ఒక్కో అక్షరాన్నీ దాని గడిలో వేశాడు.

పోయిన ఏడు నాయిన పోయాడు. ప్రెస్సు అంతకుముందే మూతపడింది, అక్కడిప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. దశదిన కర్మ నాడు ఎవరో భార్యతో వచ్చి, "నేను రవీందర్‌ను చెల్లె" అన్నాడు. "నాయిన కార్డొకటియ్యి. ఇంట్ల పెట్టుకుంట."

"కార్డు కొట్టియ్యలేదన్నా. ఇప్పుడెవరు కొట్టిస్తున్నరు? ఫోన్లనే పంపినం."

అతను తన ఫోను తీసి ఆ కబురు తెరిచాడు. నాయిన పేరు మీద వేలు పెట్టాడు. వేలు తగలగానే ఆ పేరు పైకి జారిపోయి, కింద నుంచి ఇంకెవరిదో సందేశం వచ్చింది.